రోళ్ళపాటి బట్టమేక

కర్నూలుకు వచ్చిన బంధువులకు కొండారెడ్డి బురుజు చూపని యిల్లుండదు. రోళ్ళపాడు చూపువారు మాత్రము అరుదు. నందికొట్కూరుకు చేరువనున్న ఆ పచ్చిక బీడున కోట లేదు, గోపురము లేదు. (2022లో జిల్లాలు విభజించినపుడు అది నంద్యాల పాలయినది.) అయినను 1988లో ప్రభుత్వము అచ్చట 614 హెక్టారుల నేలను అభయారణ్యముగా ప్రకటించెను, ముఖ్యముగా ఒక్క పక్షి కొరకు. అది బట్టమేక పిట్ట.

ఎగురగల పక్షులలో ఇంత బరువైనవి లోకమున బహుకొద్ది. మగది పదునైదు కిలోల వరకు తూగును. జోడు కట్టు కాలమున అది మెడసంచిని పొంగించి, దూరమునకు వినబడునట్లు గంభీరముగా కూయును. ఆడుది గూడు కట్టదు. వట్టినేలమీద, సాధారణముగా ఏటికొక్క గ్రుడ్డు పెట్టి, ఇంచుమించు నాలుగు వారములు పొదుగును. పసరము కాలు పడినను, కుక్క మూతి తగిలినను ఆ గ్రుడ్డు దక్కదు.

జంతువులు పిల్లలను కను తావులను కాచుటలో బ్రిటనువారి అనుభవమొకటి కలదు. బూడిదవన్నె సీలులను సముద్రజంతువులు ఈనుటకై ఏటేట పాత తీరములకే వచ్చును. ఆ వారములలో నేలమీద కదలలేక వేటగానికి సులువుగా చిక్కెడివి. 1914లో పార్లమెంటు ఆ ఋతువున వేటను నిషేధించెను. నడుమ ఒడుదొడుకులున్నను, నేడు ఆ దేశమున వాని సంఖ్య లక్ష దాటినది. తీరమును కాచిరి, తక్కిన మాసములకు మేత పెట్టుటకు సముద్రమున్నది.

బట్టమేకకు అట్టి సముద్రము లేదు. దానికి మేత పెట్టునది రైతు చేను. మిడుతలు, పేడపురుగులు, తొండలు, కోసిన చేలలో మిగిలిన వేరుసెనగ కాయలు దాని ఆహారము. కంచెలోని నేల గ్రుడ్డుకు చాలునేమో గాని పక్షికి చాలదు. చుట్టు జొన్న, కొర్ర పండినంతకాలము దానికి లోటు లేకుండెను. పిదప అలగనూరు జలాశయము వచ్చెను, మెట్ట తడినేల అయ్యెను, పురుగుమందులు వచ్చెను. అందుకు రైతును తప్పుపట్టువారు కరవెరుగనివారు. తరతరములుగా మబ్బు వంక చూచినవాడు గట్టుదాక వచ్చిన నీటిని వలదనునా?

పైగా, పక్షికై వేసిన కంచెలో కృష్ణజింకలు పెరిగి, వెలుపలి పైరుపై పడినవి. నష్టపడిన రైతుకు జింకయు పిట్టయు ఒక్కటే. రెండును సర్కారు సొత్తు. 1980 ప్రాంతమున పేరు మోసిన ఆ బీటిపై నేడు బట్టమేక కనుపించుటయే గగనము.

దేశమంతటను అడవులలో మిగిలినవి నూటయేబదికి మించవని అంచనా. అందు పెక్కు రాజస్థానమున నున్నవి. అచ్చట గ్రుడ్లను యంత్రములలో పొదిగించి పిల్లలను పెంచుచున్నారు. 2024లో కృత్రిమ గర్భధారణముచే సైతము ఒక పిల్ల పుట్టినది. శ్లాఘనీయమే. కాని రేపు ఆ సంతతిని దక్షిణాదికి తేదలచిన, ఏ నేలపై విడువవలెను?

రోళ్ళపాడు అందుకు తగును. అయితే బేరము ఊళ్ళతో కుదరవలెను. బీటి చుట్టు కొన్ని చేలలో మెట్టపైరు వేసి మందు చల్లని రైతుకు, తడిపంటతో వచ్చు తేడాను ప్రభుత్వము చెల్లింపవలెను. జింకలు మేసిన పైరుకు పరిహారము ఆ కారులోనే అందవలెను. ఎదురుగా నున్న విద్యుత్తు తీగలను ఈ పక్షి సరిగా కనలేక తగిలి చచ్చును గనుక, ఆ దాపున తీగలు భూమిలోనుండి పోవలెను. తీగల పనికి గడువీయవచ్చును. రైతు సొమ్ము మాత్రము విత్తుటకు ముందే అతని చేత పడవలెను. కోతలైన పిదప ఫైలు కదలినచో ఆ యేటికి వరి నాటియే యుండును.