యుద్ధం లేకున్నా అక్కరకొచ్చే వైద్యం

సైనిక వైద్యం సరిహద్దుల్లో సిపాయిలకే గాని పల్లెలకు ఎందుకని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ట్రాక్టరు బోల్తాపడి పదిమంది ఒక్కసారిగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తే, అక్కడున్న ఒక్క డాక్టరు అవస్థ యుద్ధరంగంలోని డాక్టరు అవస్థ వంటిదే. మందులు తక్కువ, చేతులు తక్కువ, వ్యవధి అంతకన్నా తక్కువ.

ముందు ఎవరిని చూడాలి? గట్టిగా అరిచేవాణ్ణా, మూలన ఉలుకూ పలుకూ లేకుండా పడివున్నవాణ్ణా? చాలాసార్లు రెండోవాడికే ప్రాణాపాయం ఎక్కువ. హోదా చూడకుండా గాయం తీవ్రతను బట్టి వైద్యం చేసే పద్ధతిని రెండు వందల ఏళ్ల క్రితం నెపోలియన్ సైన్యంలోని డాక్టరు లారే అమలుచేశాడు. గాయపడినవారిని వెంటనే తరలించడానికి గుర్రపు బండ్లు పెట్టిందీ ఆయనే. తొడ ఎముక విరిగితే సర్కారు ఆసుపత్రిలో వేసే థామస్ స్ప్లింట్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఎందరో సైనికుల ప్రాణాలు నిలిపింది.

పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాల 1948లో ఏర్పడింది. 1962 నుంచి అక్కడ ఎంబీబీఎస్ చెబుతున్నారు. అక్కడ చదివినవారు సైన్యంలో పనిచేస్తారు. మిగతా కాలేజీల విద్యార్థుల చదువు పెద్దాసుపత్రుల్లో, స్కానింగు యంత్రాల మధ్య, ప్రొఫెసర్ల అండన సాగుతుంది. పల్లెకు వచ్చాక ఆ వసతులుండవు. 2019లో వచ్చిన పాఠ్యప్రణాళికలో విపత్తుల గురించి చెబుతున్న మాట నిజమే. కాని గట్టుమీద కూర్చుని ఎవరూ ఈత నేర్చుకోలేరు.

చేతికో కాలికో తెగి రక్తం ధారగా పోతుంటే గాయాన్ని గట్టిగా అదిమిపట్టాలి. అప్పటికీ ఆగకపోతే గాయానికి పైన బిగువుగా కట్టుకట్టి, కట్టిన వేళ రాసిపెట్టాలి. పాము కరిచినప్పుడు మాత్రం అలా బిగించి కట్టకూడదు, కాలికి హాని. ఈ తేడా డాక్టరుకు చేతి అలవాటుగా రావాలి. ఆయన నుంచి నర్సుకు, ఆశా కార్యకర్తకు, వారి నుంచి ఊరికి తెలియాలి.

ఇప్పటికే మోయలేనంత సిలబస్ ఉందని కొందరి అభ్యంతరం. దీనికి కొత్త పరీక్ష అక్కరలేదు. హౌస్ సర్జన్సీలో రెండు వారాలు చాలు. విశాఖపట్నంలో నౌకాదళ ఆసుపత్రి ఉంది, సికింద్రాబాదులో మిలటరీ ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టర్ల చేత నేర్పించవచ్చు. క్షతగాత్రులను కదిలించడం, శిబిరంలో మంచినీరు, మరుగుదొడ్లు చూడడం కూడా అందులో భాగమే. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన వంటిది వస్తే గాయాల తర్వాత చంపేది కలుషిత నీరే.

డాక్టర్లను సిపాయిలుగా మార్చమని ఎవరూ కోరడం లేదు. గాయపడినవాడు ఏ పక్షంవాడైనా వైద్యం చేయాలని 1864 జెనీవా ఒప్పందం చెప్పింది. ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుని ఒకే ఆసుపత్రికి వచ్చిన రాత్రి డాక్టరుకు దారిచూపేది ఈ పాఠమే. ప్రభుత్వం, వైద్య విశ్వవిద్యాలయాలు ఆలోచించాలి. పెద్దాసుపత్రికి దూరంగా ఉన్న ఊళ్లకు ఇది ప్రాణాలతో కూడిన విషయం.