తాళం వేసి గొళ్ళెం మరచినట్టు

క్రితం సంచికలో ఖాతాలకు నామినీ పేరు రాయించడం గురించి రాస్తే, సంఘం విందులో ఒక సోదరి నన్ను నిలదీశారు. "ఎప్పుడూ బ్యాంకు గొడవేనా అన్నయ్యగారూ, ఇంటికి పనికొచ్చేది ఒకటి రాయకూడదా?" అన్నారు. అందుకని ఈసారి తిన్నగా వంటింట్లోకే వెళదాం. అక్కడ కూడా బ్యాంకు నన్ను వదలలేదనుకోండి, అది వేరే సంగతి.

మేముండేది హెబ్బగోడిలో. మా అమ్మ మదనపల్లె ఇల్లు వదిలి మా దగ్గరికొచ్చి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఎనభై రెండో ఏడు. చూపు మందగించాక గ్యాసు పొయ్యి ముట్టుకోవద్దని మేమే కట్టడి చేశాం. పగలు మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళిపోతే, మధ్యాహ్నం గ్లాసుడు పాలు తనంతట తాను వేడి చేసుకునేందుకు ఆవిడకున్న ఆధారం మైక్రోవేవ్ ఓవెన్ ఒక్కటే.

ఒకరోజు అది మొరాయించింది. గడియారం అంకెలు వెలుగుతున్నాయి గాని, మీట నొక్కితే తిరగదు. అమ్మ వచ్చి చూసి, "గడియ సరిగ్గా పడలేదు నాయనా. తలుపు రవంత ఎత్తి వెయ్యి. వానాకాలంలో మన వీధి తలుపు అట్లే గదా వేసేది!" అంది. ఎత్తి వేశాను. తిరిగింది! బీకాం చదివిన నాకు తట్టనిది బడి మొహం చూడని అమ్మకు తట్టింది.

అక్కడితో ఆగి లోపమేమిటో చూడాల్సింది. చూడలేదు. లెక్క తేలని మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో పడేసి ఇంటికి పోయే గుమాస్తాలాగా మూడు వారాలు తలుపు ఎత్తి వేస్తూ గడిపేశాను. తరువాత ఒకరోజు పెందలాడే ఇంటికొచ్చేసరికి అమ్మ ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలే తాగుతోంది. ఏమమ్మా అంటే, "ఎత్తినా పడటంలేదురా. నేనే గట్టిగా వేసి చెడగొట్టినట్లుండాను. మళ్ళీ నీకు ఖర్చని చెప్పలేదు" అంది. ఎన్నాళ్ళుగా అని అడగటానికి నాకు నోరు రాలేదు.

మర్నాడే వీధి చివర మెకానిక్‌ని పిలిచాను. అతను తలుపు రెండుసార్లు వేసి తీసి, "స్విచ్ డైరెక్ట్ మాడ్తీని సార్, ఇన్నూరు రూపాయి సాకు" అన్నాడు. అంటే తలుపు పడిందో లేదో చూసే స్విచ్‌ని తప్పించి తీగలు కలిపేస్తాడట, రెండు వందలు చాలట. ఎంత చవక! కాని ఆ 'డైరెక్ట్' అన్న మాట వినగానే నాలోని బ్యాంకువాడు ఉలిక్కిపడ్డాడు.

మా స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు, ఇద్దరు అధికారుల దగ్గర. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకుంటుంది. పని త్వరగా అవుతుందని రెండూ ఒకరికే ఇచ్చేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఓవెన్‌లోనూ అదే ఏర్పాటు. తలుపుకు సాధారణంగా పైనొకటి, కిందొకటి రెండు కొక్కేలుంటాయి. వాటి వెనక పెట్టెలో మామూలుగా మూడు చిన్న స్విచ్‌లు. మొదటి రెండూ తలుపు పూర్తిగా పడిందని ఒప్పుకుంటేనే కరెంటు ముందుకు పోతుంది. మూడోది ఆడిటరు. మొదటి స్విచ్ అతుక్కుపోయి, తలుపు తీసినా కరెంటు ఆపకపోతే, ఈ మూడోది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజును ఎగరగొడుతుంది. అందుకే ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేయించడం ఆడిటరు నోరు మూయించడమే.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, నీళ్ళను మరిగించే ఆ తరంగాలు మన ఒంటినీ వేడెక్కిస్తాయి. కంటిలోని కటకానికి రక్తప్రసారం ఉండదు గనుక ఆ వేడి త్వరగా చల్లారదు. ఆ తలుపు ముందు రోజూ నిలబడేది చూపు మందగించిన మా అమ్మ. మెకానిక్‌కి కాఫీ ఇచ్చి పంపేశాను.

ఇంట్లో మనం చూడదగినవి కొన్ని ఉన్నాయి. ముందు ప్లగ్గు పీకేయండి. కొక్కేలు దూరే రంధ్రాల దగ్గర పాలు, నూనె, చక్కెర పాకం గట్టిపడి ఉంటే తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. కొక్కేన్ని వేలితో నొక్కి వదిలితే చటుక్కున వెనక్కి రావాలి. రాకపోతే స్ప్రింగు లోపం. రెండు కొక్కేల కొసలూ ఒక్కలాగే ఉన్నాయా, తలుపు ఒక పక్కకు వాలిందా చూడండి. తరువాత ప్లగ్గు పెట్టి, పిల్లలకోసం ఉండే చైల్డ్ లాక్ పొరపాటున పడిందేమో గమనించండి. పరీక్షించేటప్పుడు లోపల గ్లాసుడు నీళ్ళు ఉండాలి, ఖాళీగా తిప్పకూడదు. అంతవరకే మన పని. పెట్టె పైరేకు మాత్రం విప్పవద్దు. లోపలి కెపాసిటర్‌లో ప్లగ్గు పీకిన తరువాత కూడా ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

మా పై కొక్కెం కొస విరిగింది. ఎస్.పి. రోడ్డు అంగళ్ళలో వెతుకుదామా అనుకున్నాను గాని, మోడల్ నంబరుకు సరిపోయేదే కావాలని కంపెనీకే కబురు చేశాను. భాగం రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్నాళ్ళూ పొద్దున్నే అమ్మ పాలు ఫ్లాస్కులో పోసి వెళ్ళాం. వచ్చిన కుర్రవాడు కొక్కెం మార్చి, తలుపు చుట్టూ మీటరు తిప్పి తరంగాలేవీ మితి మించి బయటకు రావడంలేదని చూపించాడు.

పోతూ పోతూ, "ఓవెన్ తిరుగుతుండగానే తలుపు లాగేది ఎవరు సార్? ఇది గట్టిగా వేసినందుకు విరిగినట్టు లేదు, గుంజినందుకు విరిగినట్టుంది" అన్నాడు.

2025 ఆగస్టులో మా ఊరికి మెట్రో వచ్చింది. అప్పటినుంచి, రైలు తప్పిపోతుందని, పొద్దున కాఫీ వేడెక్కీ వేడెక్కకముందే ఆ తలుపు గుంజుతున్నది నేనే. నేరం మాత్రం ఇన్నాళ్ళూ అమ్మ తన నెత్తిన వేసుకుంది. ఆ మాటే ఆవిడతో చెప్పాను. "పోన్లే, నేను కాదు గదా!" అని చిన్నపిల్లలా నవ్వి, గ్లాసు లోపల పెట్టి తలుపు వేసింది. ఎత్తకుండానే టక్కుమని పడింది.

మీ ఇంట్లో కూడా ఏ తలుపునైనా ఎత్తి వేస్తున్నారేమో, ఈ ఆదివారం ఒకసారి చూసుకోండి.