పదిహేను నిమిషాల హామీకి లెక్క ఎక్కడ?

2021 ఫిబ్రవరి 24 ఉదయం 11.40కి నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ ఆగిపోయింది. మళ్లీ మొదలైంది మధ్యాహ్నం 3.45కు. టెలికాం లింకులు తెగి, స్టోరేజ్ వ్యవస్థ స్తంభించి, రిస్క్ మేనేజ్‌మెంట్ అందకుండా పోయిందన్నది ఎక్స్ఛేంజ్ వివరణ. చెన్నైలో ప్రత్యామ్నాయ కేంద్రం ఉండగా అక్కడికి ఎందుకు మారలేదన్నది అసలు ప్రశ్న.

మరుసటి నెలలోనే సెబీ నిబంధనలు బిగించింది. అంతరాయం వస్తే 30 నిమిషాల్లో విపత్తుగా ప్రకటించాలి, 45 నిమిషాల్లో కోలుకోవాలి. పోయే డేటా 15 నిమిషాలకు మించకూడదు.

మెలిక ఈ చివరి అంకెతోనే. ప్రధాన డేటాబేస్‌లోని ప్రతి మార్పూ దూరంలోని నకలుకు చేరుతూ ఉండాలి. దీన్నే రెప్లికేషన్ అంటారు. ప్రమాదం జరిగే క్షణానికి నకలు ఎంత వెనకబడి ఉంటే అంత డేటా పోయినట్టే. ఆ క్షణం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి, 'ఇప్పుడు బాగానే ఉంది' అనే పచ్చదీపం దేనికీ రుజువు కాదు.

పోస్ట్‌గ్రెస్‌లో రెప్లికేషన్ స్థితిని చూపే పట్టిక ఆ క్షణం సంగతే చెబుతుంది. నకలుతో కనెక్షన్ తెగితే దాని వరుసే కనిపించదు. మైసీక్వెల్ ఇచ్చే 'ఎన్ని సెకన్లు వెనక' అనే అంకె ఇంకా గడుసుది. నెట్‌వర్క్ నెమ్మదించి మార్పులు దారిలోనే చిక్కుకున్నా, చేరినంతవరకు అమలు చేసేసిన నకలు సున్నా చూపించగలదు.

అందుకే అనుభవజ్ఞులు వాడేది హార్ట్‌బీట్ పద్ధతి. ప్రధాన డేటాబేస్‌లో సెకనుకోసారి సమయం రాస్తారు, అది నకలులో ఎంత పాతదిగా కనిపిస్తోందో కొలుస్తారు, ఆ తేడాను వేరే యంత్రంలో నెలల తరబడి దాస్తారు. అదే డేటాబేస్‌లో దాస్తే దానితోపాటే రికార్డూ పోతుంది. కొలత అందని నిమిషాన్ని సున్నాతో పూడ్చకూడదు, ఆ ఖాళీయే హెచ్చరిక. ఉదయం 9.15కు మార్కెట్ తెరిచే రద్దీలో, డెరివేటివ్స్ గడువు ముగిసే రోజున, రాత్రి బ్యాచ్ పనుల వేళ నకలు ఎంత వెనకబడుతోందో ఈ రికార్డులోనే తేలుతుంది.

2024 మార్చి 2, మే 18 తేదీల్లో, రెండూ శనివారాలే, ప్రత్యేక సెషన్లు పెట్టి ట్రేడింగ్‌ను ప్రత్యామ్నాయ కేంద్రానికి మార్చి చూశారు. మంచిదే. కానీ ముందే ప్రకటించి, సెలవు రోజున జరిపే కసరత్తు పనిదినపు రద్దీకి కొలమానం కాలేదు. తనిఖీకి వెళ్లే ఆడిటర్లు కసరత్తు నివేదికతో పాటు గత ఆరు నెలల వెనకబాటు రికార్డునూ, అందులోని అత్యధిక అంకెతో సహా, అడగాలి.