కొలబద్ద యొక్కటి చాలునా?

అమెరికాలోని టెనెస్సీ విశ్వవిద్యాలయమున చిరకాలము పరిశోధన సల్పిన జాక్ డొంగారా పండితుడు, సమీకరణములను సాధించు వేగమునుబట్టి గణనయంత్రములను కొలుచు లిన్‌పాక్ పరీక్షను 1979లో కల్పించెను. 1993 మొదలు ప్రపంచమందలి 500 మహాయంత్రముల పట్టిక దానినిబట్టియే వెలువడుచున్నది. అయినను ఆ కొలత యొక్కటియే చాలదని 2013లో ఆయనయే సహచరులతో గూడి మరియొక పరీక్షను ప్రతిపాదించెను. వేగముగ లెక్కించుటయే కాక, చెదరియున్న అంకెలను జ్ఞాపకస్థానమునుండి తెచ్చుకొను నేర్పునుగూడ నిది శోధించును. తొలి పరీక్షలో అగ్రగణ్యములైన యంత్రములును దీనియందు తమ శక్తిలో నూటికి కొన్ని పాళ్లే చూపగలిగినవి.

తన కొలబద్ద కొరతను తానే చాటుట నిజమైన పాండిత్యము. 2021 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము ఆయనకు లభించుట యుక్తమే.

తలిదండ్రులారా, ఉపాధ్యాయమిత్రులారా! యంత్రమునకే యొక్క పరీక్ష చాలనప్పుడు, బాలుని బుద్ధిని వార్షికపరీక్షలోని మార్కులతో మాత్రమే తూచుట న్యాయమా? కంఠస్థము చేసినవానినే కాక, తెలియని లెక్కకు త్రోవ వెదకువానినిగూడ మెచ్చుకొందము.