యాభై దాటిన అమ్మకు రోజుకొక గంట ఇవ్వండి



మా ఓ.పి.లో బరువు చూసే మిషను దగ్గర యాభై దాటిన తల్లులు చెప్పే మాట దాదాపు ఒకటే. "సిస్టర్ గారూ, నేను తినేది పిడికెడు. అయినా లావైపోతున్నాను." పక్కన నిలబడిన కొడుకో కోడలో ఆ మాటకు నవ్వుతారు. నేను మాత్రం నవ్వను. ముట్లు ఆగిపోయిన తరువాత నాకూ అదే జరిగింది. యూనిఫాం రెండుసార్లు వదులు చేయించుకున్నాను. ఇక లాభం లేదని రాత్రి భోజనం మానేశాను. రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాను గాని, వార్డు మెట్లు ఎక్కుతుంటే కాళ్ళు వణికేవి. మళ్ళీ తినడం మొదలుపెట్టగానే పోయిన బరువంతా తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా రోగులకు ఆహారం గురించి చెబుతున్న నేనే ఈ తప్పు చేశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యాభై దాటిన స్త్రీ బరువు తగ్గాలంటే ఆమె ఒక్కతే నోరు కట్టుకుంటే చాలదు. ఇంట్లోవాళ్ళు కూడా తమ వేళలు మార్చుకోవాలి.

ముందు శరీరంలో ఏమి జరుగుతుందో తెలుసుకుందాం. వరుసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే అది ఆగిపోయినట్లు లెక్క. అండాశయాలలో తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోను ఈ సమయంలో బాగా తగ్గిపోతుంది. అంతవరకు తుంటి, తొడల దగ్గర చేరిన కొవ్వు ఇప్పుడు పొట్టలో, లోపలి అవయవాల చుట్టూ చేరడం మొదలవుతుంది. మరోవైపు వయసుతో పాటు కండ తరిగిపోతుంది. కండ తగ్గితే శరీరం ఖర్చు చేసే శక్తి కూడా తగ్గుతుంది. కాబట్టి నలభై ఏళ్ళప్పుడు సరిపోయిన తిండే ఇప్పుడు ఎక్కువవుతుంది. ఆ తల్లులు చెప్పేది అబద్ధం కాదు.

మన తెలుగు స్త్రీల విషయంలో ఇంకొక సంగతి ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేస్తే, వయసు ముప్పై ఐదైనా సరే, ఆ రోజు నుండే ఈ మార్పు మొదలవుతుంది. గర్భసంచి మాత్రమే తీస్తే ముట్లు ఆగిపోతాయి గాని అండాశయాలు ఇంకా కొన్నేళ్ళు పనిచేస్తాయి. ఆపరేషన్ చేయించుకున్నవారు తమ డిశ్చార్జి కాగితంలో ఏమి తీశారని రాసి ఉందో డాక్టరుతో చదివించుకోండి. పొట్ట ఎందుకు పెరుగుతుందో, ఎముకలు ఎందుకు బలహీనపడుతున్నాయో కొంత అక్కడే తెలుస్తుంది.

అదే సర్వేను 2019-21లో మళ్ళీ చేసినప్పుడు తెలంగాణలో నూటికి 30 మంది స్త్రీలు అధిక బరువుతో ఉన్నారని తేలింది. అయితే ఈ బరువు లెక్క కూడా 49 ఏళ్ళ దగ్గరే ఆగిపోతుంది. మన వయసువాళ్ళం అందులో లేనే లేము. ఇళ్ళలో కూడా మన పరిస్థితి ఇంచుమించు అంతే. పిల్లల బరువు చూస్తారు, భర్త షుగరు చూస్తారు, అమ్మ సంగతి మోకాళ్ళు పట్టేశాక గాని ఎవరికీ గుర్తుకు రాదు.

మా మాదాపూర్ చుట్టుపక్కల ఇళ్ళు చూడండి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతం ఎలా మారిందో అందరికీ తెలుసు. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగానికి వెళ్తారు. మనవల కోసం ఊరి నుండి అమ్మ వస్తుంది. ఊళ్ళో ఆమె పెరట్లోకి, చేనుకి, బజారుకి నడిచేది. ఇక్కడ కిందికి దిగాలంటే లిఫ్టు, కూరగాయలు గుమ్మం దగ్గరికే వస్తాయి. పిల్లలు వదిలేసిన ఇడ్లీ ముక్క పారేయబుద్ధి కాక నోట్లో వేసుకుంటుంది. పొద్దుపోక మూడుసార్లు టీ, టీతో బిస్కెట్లు. రాత్రి కొడుకు వచ్చేసరికి పది దాటుతుంది. అందరికీ వడ్డించి, గిన్నె అడుగున మిగిలిన అన్నంలో పెరుగు కలుపుకొని తిని, వెంటనే పడుకుంటుంది. కూరలో ముక్కలు, పప్పు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఇక ఆఫీసుల్లో హౌస్ కీపింగ్ పనికి వెళ్ళే మన అక్కలు రోజంతా నిలబడి పనిచేసి, రాత్రి ఇంటికెళ్ళి మళ్ళీ వంట చేసి తింటారు. వీళ్ళెవరినీ "నోరు కట్టుకో" అని మందలించి లాభం లేదు.

"ఈ వయసులో తగ్గి ఏమి సాధించాలి?" అని కొందరు అడుగుతారు. షుగరు వ్యాధి రాబోయే దశలో ఉన్నవారి మీద అమెరికాలో చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో నూటికి ఏడు వంతులు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. అందరికంటే ఎక్కువ మేలు పొందింది 60 ఏళ్ళు దాటినవారే, వారిలో 71 శాతం తగ్గింది. చెన్నై డాక్టర్లు మన దేశస్థుల మీద చేసిన అలాంటి పరిశోధన 2006లో వెలువడింది. అందులో బరువు పెద్దగా తగ్గకపోయినా, తిండి, నడక మార్చుకున్నవారిలో షుగరు రావడం 28.5 శాతం తగ్గింది. కాబట్టి మిషను మీద ముల్లు కదలలేదని నిరాశపడకండి. 75 కిలోలున్న స్త్రీ ఐదు కిలోలు తగ్గినా మోకాళ్ళకే ఎంతో హాయి. నడిచేటప్పుడు ఒక కిలో తగ్గితే మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

బరువుతో పాటు నడుము కొలత కూడా చూసుకోండి. టైలరు టేపు చాలు. మన దేశపు స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటకూడదు.

తిండి మానవద్దు, పళ్ళెం మార్చండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన నమూనా ప్రకారం 2000 కేలరీలు తినే మనిషికి రోజుకు 250 గ్రాముల బియ్యం లేదా ఇతర ధాన్యాలు, 400 గ్రాముల కూరగాయలు, 85 గ్రాముల పప్పులు, గుడ్లు లేదా మాంసం, 27 గ్రాముల నూనె, కొవ్వులు చాలు. నూనె లెక్క చూస్తే నలుగురున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. మీ ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు అయిపోతున్నాయో ఈ నెల లెక్కపెట్టండి. మన వయసు స్త్రీకి చాలామందికి 2000 కేలరీలు కూడా అవసరముండదు. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, చేప, కూర పెంచుకోవాలి. కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి.

ఉపవాస ప్రార్థన భక్తికి సంబంధించినది, దానిని బరువు తగ్గే మార్గంగా వాడుకోవద్దు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా అసలు ఉపవాసం ఉండకూడదు.

ఇప్పుడు ఇంట్లోవాళ్ళతో నా మనవి. అమ్మకు రోజుకొక గంట ఇవ్వండి. ఆ గంటలో పిల్లలను మీరే చూసుకోండి. ఆమె దుర్గం చెరువు దగ్గర నడుస్తుందో, అపార్ట్‌మెంటు చుట్టూ నడుస్తుందో ఆమె ఇష్టం. మొదట పది నిమిషాలు చాలు, మెల్లగా అరగంటకు పెంచుకోవచ్చు. వారానికి రెండు రోజులు చేతులు ఆనించకుండా కుర్చీలో నుండి పదిసార్లు లేచి కూర్చోవడం, లీటరు నీళ్ళ సీసాలు ఎత్తి దించడం చేయాలి. కండకు, ఎముకకు ఇవి మంచివి. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు ముందు డాక్టరుకు చూపించుకోండి. రాత్రి ఎనిమిది గంటలకు అమ్మ తినేయాలి. మీ అన్నం హాట్ బాక్సులో ఉంటుంది, మీరే వడ్డించుకోండి. దానివల్ల ప్రేమ ఏమీ తగ్గదు.

కొన్ని హెచ్చరికలు. ముట్లు ఆగిన ఏడాది తరువాత ఒక్క చుక్క రక్తం కనబడినా వెంటనే ఆస్పత్రికి రండి. గర్భసంచి కాన్సరు కావచ్చు, అధిక బరువు ఉన్నవారికి ఆ ప్రమాదం ఎక్కువ. బరువు తొందరగా పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఏ ప్రయత్నం లేకుండా తగ్గిపోతున్నా సంతోషించకండి, పరీక్ష చేయించుకోండి. 2025లో మన దేశంలోకి వచ్చిన బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు డాక్టరు చూసి రాయవలసినవి. పక్కింటివాళ్ళు చెప్పారని కొనవద్దు. వాటితో కండ కూడా తగ్గుతుంది కాబట్టి తిండి, వ్యాయామం అప్పుడూ తప్పవు.

నేను ఇప్పుడు రాత్రి ఏడున్నరకే తింటున్నాను. మొదటి వారం మా ఇంట్లో అందరూ సణిగారు, తరువాత అలవాటు పడ్డారు. ఏడాదిలో మూడు కిలోలే తగ్గాను. అయితే వార్డు మెట్లు మాత్రం రెయిలింగు పట్టుకోకుండా ఎక్కుతున్నాను. ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ అమ్మ ఎన్ని గంటలకు తింటుందో ఒక్కసారి అడగండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్