గ్యాస్ మాత్రతో సరిపెట్టొద్దు

‘కాన్పయ్యాక పొట్ట అలాగే ఉంటుందిలే’, ‘వేళకు తినవు, అందుకే గ్యాస్’. చంటిబిడ్డ తల్లి కడుపుబ్బరంగా ఉందంటే మన ఇళ్లలో వచ్చే జవాబులివి. చాలాసార్లు అంతే కావచ్చు కూడా. కానీ ఆ ఉబ్బరం వారాల తరబడి తగ్గకపోయినా, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతున్నా, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాల్సి వస్తున్నా డాక్టరుకు చూపించి తీరాలి. అండాశయ క్యాన్సర్ లక్షణాలూ ఇవే.

మన దేశంలో 2022లో సుమారు 47 వేలమంది కొత్తగా దీని బారిన పడ్డారని అంచనా. ఎక్కువగా వచ్చేది ముట్లుడిగినవారికి. అందుకే ముప్పైల్లో ఉన్న తల్లి విషయంలో ఆ అనుమానమే రాదు. పాప్ స్మియర్ బాగుందన్న ధీమా పనికిరాదు. అది గర్భాశయ ముఖద్వారం పరీక్ష. లక్షణాలు లేనప్పుడే అండాశయ క్యాన్సర్‌ను నమ్మకంగా పట్టే పరీక్ష ఇంకా లేదు. లక్షణాలు కనిపించాక ఉన్న దారి స్కానింగ్, సీఏ-125 రక్తపరీక్ష. ఆమె చెప్పింది ఎవరైనా వింటేనే అవి జరుగుతాయి.

‘క్రిమినల్’లో నాగార్జున సరసన నటించిన మనీషా కొయిరాలాకు 2012లో బయటపడేసరికే జబ్బు ముదిరింది. న్యూయార్క్‌లో సర్జరీ, కీమో చేయించుకుని కోలుకున్నారు, మళ్లీ నటిస్తున్నారు. కెనడా నటి కోబీ స్మల్డర్స్‌కు పాతికేళ్లకే వచ్చింది. చికిత్స తర్వాత ఆమె ఇద్దరు ఆడపిల్లలకు తల్లయ్యారు.

అప్పటికే చంకలో బిడ్డ ఉన్న తల్లి కష్టం వేరు. కడుపు కోసి చేసే పెద్ద ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు బరువు ఎత్తకూడదు. రెండేళ్ల పిల్లాడు ఎత్తుకోమని చేతులు చాస్తే ఏం చెబుతుంది? కీమో మొదలైతే పాలు మాన్పించాలి. సాధారణంగా మూడు వారాలకోసారి చొప్పున ఆరు విడతలు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ ఎక్కిస్తారు. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో పిల్లాడి జలుబుకు కూడా భయపడాలి. వేళ్లు మొద్దుబారి యూనిఫాం గుండీలు పెట్టలేకపోవచ్చు. రెండు అండాశయాలూ తీసేస్తే ముప్పైల్లోనే ముట్లు ఆగిపోతాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేని రాత్రులు. చికిత్స ముగిశాకా ప్రతి చెకప్‌కూ గుండె దడ.

ఇవన్నీ ఆమె ఓర్పు మీద వదిలేయడం అన్యాయం. బిడ్డను ఎవరు చూస్తారో, వంట ఎవరు చేస్తారో ఆపరేషన్‌కు ముందే తేల్చుకోవాలి. అమ్మమ్మో నానమ్మో ఉన్నారులే అనుకోకుండా కీమో రోజుల్లో భర్త సెలవు పెట్టాలి. జుట్టు రాలకముందే పిల్లలకు విషయం చెప్పాలి. జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగాలి; బీఆర్‌సీఏ జన్యువుల్లో లోపం బయటపడితే అక్కచెల్లెళ్లకూ చేయించాలి.