రోడ్డు మీది ఫైసలా

మా కళాశాల సైకిలు స్టాండులో సైకిలు ఇప్పుడు వెదికితే గాని కనిపించదు. మోటారు సైకిళ్ళ నడుమ, పెండ్లిళ్ళ కాలములోనైతే, బావగారిదో చాచాదో అడిగి తెచ్చిన కారు ఒకటి రెండు కూడ నిలిచి ఉంటున్నవి. పదునెనిమిదేండ్లు నిండినవానికి స్టీరింగు పట్టవలెనన్న కోరిక కలుగుట తప్పు కాదు. మాకును కలిగినది. బండి నడుపుట నేర్పువారు ఊరికి నలుగురు ఉన్నారు. ఆ బండి ఎవరికైనా తగిలినప్పుడు ఏమి చేయవలెనో నేర్పువారు మాత్రము మాకు ఎదురుకాలేదు. ఈ విషయమున మాకు తెలిసిన కొద్దిపాటిది తప్పు చేసి తెలుసుకొన్నదే. ఆ తప్పును దాచక చెప్పి, మా అభిప్రాయమును మిత్రుల ముందును, కమిటీ పెద్దల ముందును పెట్టదలచినాము.

గత యాసంగి కోతల కాలములో మేము నలుగురము జగిత్యాల వైపు ఒక పెండ్లికి పోయి సాయంత్రము కరీంనగర్‌కు తిరిగి వచ్చుచున్నాము. గంగాధర దాటి కొంత దూరము వచ్చినాక, మా వైపు రోడ్డు సగము మేర వడ్లు ఆరబోసి ఉన్నవి. చుట్టు రాళ్ళు, పైన నల్ల పరదాలు. ఏప్రిలు నెలలో మన జిల్లాలో ఇది చూడని కన్ను ఉండదు. కల్లము లేని రైతు వడ్లు ఎక్కడ ఆరబోసుకొనవలెనన్నది వేరే ప్రశ్న. స్టీరింగు దగ్గర ఉన్న మిత్రునికి లర్నింగు లైసెన్సు మాత్రమే ఉన్నది. పక్కా లైసెన్సు ఉన్నవాడు అతని ప్రక్కన ఉండవలసినది పోయి, వెనుక సీటులో కూర్చొని ఫోనులో పాటలు మార్చుచున్నాడు. కారుకు ‘ఎల్’ బోర్డు లేదు. వడ్లను తప్పించుటకు కుడికి జరిగినాము. ఎదురుగా టీవీఎస్ బండికి పాల క్యాన్లు కట్టుకొని వస్తున్న ఒక పెద్దమనిషి హ్యాండిలుకు మా కారు అద్దము తగిలినది. చప్పుడు చాల చిన్నది. మా అద్దము మడతపడినది, అంతే. ఆయన మట్టిలో పడినాడు. పాలు రోడ్డు దాటి వడ్ల కిందికి పారినవి.

మేము ఆగినాము. ఆగినామని గొప్పగా చెప్పుకొనుటకు లేదు. ఒక వంద గజములు పోయిన తరువాతనే ఆగినాము. ఇంటి పెద్ద ఒకరికి ఫోను చేస్తే, “ఆగకుండ్రి, వచ్చెయ్యుండ్రి, మంది జమైతే కొడుతరు” అని జవాబు వచ్చినది. ఆయన ఆ మాట మా మీది ప్రేమతో అన్నదే. కాని ఆ మనిషి లేవబోయి మరల కూలబడుట అద్దములో కనిపించినది. వెనుకకు తిప్పినాము. తిప్పుటకు ముందు ఇంకొక పని చేసినాము. లైసెన్సు ఉన్నవాడు స్టీరింగు దగ్గరకు వచ్చినాడు, అప్పటి వరకు నడిపినవాడు వెనుకకు పోయినాడు. మారుదామని ఎవరు అన్నారో ఇప్పుడు గుర్తు లేదు. ఎవరును వద్దనలేదు.

అయిదు నిమిషములలో ఇరువది మంది చేరినారు. ఒకరు తాళముచెవి గుంజుకొన్నారు. ఒకరు ఏ ఊరు, ఎవరి పిల్లలు, పేరేమి అని అడిగినారు (పేరు చెప్పగానే సగము ఫైసలా అయిపోవు చోట్లు ఉన్నవని మన విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు. ఆ రోజున అట్లు జరుగలేదని మాత్రము చెప్పుట న్యాయము). తెల్లబట్టల పెద్దమనిషి ఒకరు ముందుకు వచ్చి, “సదువుకునే పోరగాండ్లు, కేసు గీసు ఎందుకు” అని, రెండు వేలకు తెంపినారు. పాల మనిషి ఒక్క మాటే అన్నాడు: “పైసలకేమున్నది బిడ్డా, చెయ్యి లేస్తలేదు.” ఆ మాటకు ఎవరును జవాబు చెప్పలేదు, మేమును చెప్పలేదు. నలుగురి జేబులు వెదకి రెండు వేలు తీసి ఇచ్చి, తాళముచెవి తీసుకొని, బ్రతుకు జీవుడా అని బయలుదేరినాము. కొత్తపల్లి వచ్చుసరికి నవ్వుకొనుచున్నాము కూడ.

పది దినముల తరువాత అదే దారిలో బస్సులో పోవుచు, మనసు నిలువక దిగి, చాయ హోటలులో అడిగితే ఇల్లు చూపినారు. మణికట్టు విరిగినది. ఆసుపత్రి ఖర్చు మేము ఇచ్చినదానికి అయిదింతలు. అంతకన్న పెద్ద నష్టము పాలది. ఒంటి చేతితో పాలు పితుకరాదు, బండి నడుపరాదు. వాడుకగా పాలు పోయించుకొనే ఇండ్లవారు కొందరు వేరొకరిని చూచుకొన్నారు. ఆయన మమ్ములను తిట్టలేదు. మంచము వాల్చి కూర్చుండబెట్టి, మాలో ఒకనిని చూచి, “నడిపింది నువ్వు గదా బిడ్డా, మరి గా పిల్లగాడు ముందట ఎందుకు కూసుండె?” అని అడిగినాడు. ఇరువది మందిలో మా గుట్టు తెలిసినవాడు ఆయన ఒక్కడే. ఆ సాయంత్రము చెప్పి ఉంటే మాకు దెబ్బలు తప్పేవి కావు. ఎందుకు చెప్పలేదు కాకా అని అడుగుటకు మాకు నోరు రాలేదు. ఆ తరువాత ఇండ్లలో ఒప్పుకొని ఆసుపత్రి ఖర్చును, పోయిన పాల లెక్కను కట్టించినాము. ఆలస్యముగా చేసిన పనికి మెప్పు అడుగరాదు.

ఇక మా అభిప్రాయము. చిన్న ప్రమాదము ఎవరి చేతనైనా జరుగవచ్చును. అది జరిగిన తరువాతి పది నిమిషములు మాత్రము మన చేతిలోనివి. ఆ పది నిమిషములలో మన ప్రాంతపు యువకుడు నేర్చుకొన్నవి మూడే: పారిపోవుట, మనిషిని మార్చుట, వ్రాత లేని ఫైసలాకు తల ఊపుట. మేము మూడును చేసినాము. మొదటిది వంద గజములు మాత్రమే చేసినాము.

‘రాజీనామా’ అను మాటకు మన కళాశాలలో ప్రక్క ప్రక్క తరగతులలో రెండు అర్థములు ఉన్నవి. తెలుగు తరగతిలో అది పదవి వదలుకొనుట. ఉర్దూ తరగతిలో ఇరుపక్షములు ఒప్పుకొని వ్రాసుకొన్న కాగితము. రోడ్డు మీది ఫైసలాలో రాజీ ఉన్నది గాని నామా లేదు. తేదీ లేదు, బండి నంబరు లేదు, ఎవరు నడిపినారో లేదు, రేపు చెయ్యి వాచితే ఎవరు భరించవలెనో లేదు. గొంతు పెద్దది గలవాడు చెప్పినదే వెల. బంపరు గీచుకొన్నంత మాత్రమునకు కోర్టుకు పోవలెనని మేము అనము. అటువంటివి అక్కడనే తెంపుకొనుట మంచిదే. ఒక కాగితము మీద నాలుగు వరుసలు వ్రాసి ఇద్దరి సంతకములు చేసి, ఫోనులో బండ్ల ఫోటోలు తీసుకొంటే చాలును. మనిషికి దెబ్బ తగిలినచోట మాత్రము డాక్టరు చూడకముందు వెల కట్టుట తప్పు. విరిగిన ఎముక ఇరువది మందికి కనిపించదు.

చట్టము ఏమి చెప్పుచున్నదో చదివినప్పుడు మాకు సిగ్గుతో పాటు ఆశ్చర్యమును కలిగినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను ప్రకారము, మనిషికి గాయమైనను, ఇతరుల ఆస్తికి నష్టమైనను డ్రైవరుకు బాధ్యతలు ఉన్నవి. గాయపడినవానిని దగ్గరి డాక్టరు వద్దకో ఆసుపత్రికో చేర్చవలెను. అక్కడ పోలీసు లేకపోతే దగ్గరి ఠాణాలో వీలైనంత త్వరగా, ఎట్లైనను 24 గంటల లోపల తెలుపవలెను. బీమా కంపెనీకి వ్రాతమూలకముగా తెలుపవలెను. ఇవి చేయకుండుట 187వ సెక్షను క్రింద వేరే నేరము. అంటే చిన్న ప్రమాదమును పారిపోయి మనమే పెద్ద నేరముగా మార్చుకొనుచున్నాము.

ఇంటి పెద్దలు చెప్పిన ‘మంది’ భయము అబద్ధము కాదు. ఆ భయమును చట్టమే ఒప్పుకొన్నది. గుంపు ఆగ్రహము వలన వీలుకానప్పుడు గాయపడినవానిని స్వయముగా చేర్చలేకపోయినను మినహాయింపు అదే సెక్షనులో ఉన్నది. కాని ఆ మినహాయింపు ఇంటికి పోవుటకు కాదు. నిలుచుట ప్రాణాపాయమైతే నేరుగా ఠాణాకు పోయి, దారిలోనే 108కి ఫోను చేయవలెను. ఆ అంబులెన్సు సేవ మన ఉమ్మడి రాష్ట్రములో 2005 ఆగస్టు 15న మొదలైనది. ఇప్పుడు పిల్లవానికి కూడ ఆ నంబరు తెలియును. మేము నలుగురము, నాలుగు ఫోనులు చేతిలో పెట్టుకొని, ఆ నంబరు నొక్కలేదు. 2024 జనవరిలో కొత్త న్యాయ సంహితలోని 106వ సెక్షను మీద లారీ డ్రైవర్లు సమ్మె చేసినప్పుడు, పెట్రోలు బంకుల ముందు బారులు తీరినప్పుడు, వారు చెప్పినదియు ఈ మంది భయమే. మరణము కలిగించి తెలుపక పారిపోయినవానికి పదేండ్ల శిక్ష చెప్పిన ఆ ఉపసెక్షనును ఆపి, మిగిలిన సంహితను 2024 జూలై 1 నుండి అమలు చేసినారు. దానిని చూచి, పారిపోవుటకు అనుమతి వచ్చినదని మన మిత్రులు ఎవరైనా అనుకొంటే పొరబాటు. 134వ సెక్షను ఉన్నచోటనే ఉన్నది.

పారిపోయినవాడు గాయపడినవాని నుండి ఏమి తీసుకొనిపోవుచున్నాడో తెలియవలెను. బండి ఎవరిదో తెలిస్తే దాని బీమా నుండి ఆయన నష్టపరిహారము అడుగవచ్చును. ఆ మూడవ వ్యక్తి బీమా ప్రతి బండికి తప్పనిసరి. బండి తెలియకపోతే మిగిలేది ప్రభుత్వ పథకము. 2022 ఏప్రిలు నుండి దానిలో మరణమునకు 2 లక్షలు, తీవ్ర గాయమునకు 50 వేలు.

మనిషిని మార్చుటను గురించి కొంత ఎక్కువ చెప్పవలసి ఉన్నది, ఏలయనగా మన ఇండ్లలో దానిని తప్పుగా కాక తెలివిగా లెక్కించుచున్నారు. లైసెన్సు ఉన్న మామ ‘తన మీద వేసుకొనును’. వాడు కుటుంబమునకు త్యాగి. మేము ఆ పని చేసినది బీమా పోవునన్న భయముతో. తరువాత తెలిసినది ఏమనగా, 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, లర్నింగు లైసెన్సు కూడ లైసెన్సే, ఆ కారణము చూపి బీమా కంపెనీ గాయపడినవానికి చెల్లింపు ఎగవేయరాదని చెప్పినది. ‘ఎల్’ బోర్డు లేనందుకు, ప్రక్కన నేర్పువాడు లేనందుకు మాకు జరిమానా తప్పకపోవచ్చును, అది న్యాయమే. ఆ జరిమానాకు భయపడి, ఏ నేరము చేయని మిత్రుని ఒక అబద్ధపు నేరములో కూర్చుండబెట్టినాము.

ఇంటర్మీడియట్ చదివే తమ్ముళ్ళ మాట వేరు. వారికి పదునెనిమిది నిండలేదు గనుక కారు లైసెన్సే రాదు. 2022 జనవరి 30, ఆదివారము ఉదయము, కరీంనగర్ కమాను దగ్గర ఒక కారు అదుపు తప్పి, రోడ్డు ప్రక్కన కష్టము చేసుకొని బ్రతికే నలుగురు స్త్రీల ప్రాణములు తీసినది. నడిపినవాడు మైనరు. కారులోని పిల్లలు అక్కడ నుండి పోయినారు. కేసు తండ్రి మీద కూడ వచ్చినది. 2019లో చేర్చిన 199-ఎ సెక్షను ప్రకారము మైనరు చేతికి బండి ఇచ్చిన పెద్దకు మూడేండ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దు. ఆ పిల్లవానికి 25 ఏండ్లు వచ్చువరకు లైసెన్సు లేదు. తాళముచెవి అడిగే తమ్ముడు ఈ లెక్క అబ్బాజానుకు చూపి అడుగవలెను.

ఆదిలాబాద్ వైపు నుండి మన హాస్టలుకు వచ్చిన మిత్రుల బాధ ఇంకొకటి. జాతీయ రహదారి మీద నిర్మల్, ఇచ్చోడ దగ్గర ఏదైనా జరిగితే సహాయము వచ్చును. ఉట్నూరు, జైనూరు, తిర్యాణి దారులలో ఫోను పలుకని మలుపులు ఉన్నవి, ఎడ్లబండ్లు ఉన్నవి, చీకటిలో పడుకొన్న పశువులు ఉన్నవి. అక్కడ 108 కొరకు ఎదురుచూచుట కుదరదు, మన బండిలోనే ఎక్కించుకొని పోవలెను. దారిన పోవువాడు ఎక్కించుకొన్నను భయపడనక్కరలేదు. సహాయము చేసినవానిని కేసులో లాగరాదని 2019 సవరణలోని 134-ఎ సెక్షను చెప్పుచున్నది. ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టుమన్న మాటకు కూడ ఇప్పుడు జవాబు ఉన్నది. 2025 మే నెలలో కేంద్రము ప్రకటించిన పథకములో రోడ్డు ప్రమాద బాధితునికి ఏడు దినముల వరకు, లక్షన్నర రూపాయల మేర నగదు లేని చికిత్స ఉన్నది.

మన ఇండ్లలో గల్ఫుకు పోని ఇల్లు అరుదు. దుబాయిలో డ్రైవరు పని చేసి వచ్చిన అన్నలను అడిగి చూడుడు. అక్కడ చిన్న గీత పడినను పోలీసుకు తెలుపవలెను. పోలీసు కాగితము చూపనిదే గ్యారేజీవాడు డెంటు తీయడు. అక్కడ పదేండ్లు ఆ పద్ధతికి తల వంచిన మనిషియే శంషాబాదులో విమానము దిగి కారెక్కగానే “ఆగకు, పోనియ్యి” అనుచున్నాడు. మనుషులు అక్కడను ఇక్కడను ఒక్కరే గనుక, ఇది మన రక్తములోని గుణమని చెప్పుట మాకు ఇష్టము లేదు.

కమిటీ పెద్దలకు మా మనవి చిన్నది. ప్రతి విద్యా సంవత్సరము మొదటి నెలలో ఒక గంట ఈ విషయమునకు ఇచ్చి, పట్టణ ట్రాఫిక్ పోలీసు అధికారి ఒకరిని, ఆసుపత్రి డాక్టరు ఒకరిని పిలువవలెను. స్టాండులో బండి పెట్టే ప్రతి విద్యార్థికి పాసుతో పాటు జేబులో పట్టే కార్డు ఒకటి ఇవ్వవలెను. ఒక వైపు తెలుగులోను, రెండవ వైపు ఉర్దూలోను, ఆగవలెను, దెబ్బ చూడవలెను, 108, ఠాణా, బీమా అను మాటలు అదే వరుసలో ఉండవలెను. రెండు పాఠములును వ్రాసి ఉంచినాము. ముద్రణ ఖర్చుకు కళాశాల నిధిలో చోటు లేకపోతే మేము నలుగురము భరింతుము. ప్రిన్సిపాలు గారి అనుమతి మాత్రము కావలెను.